భాషాశాస్త్ర డిగ్రీ: ఏ కోర్సు ముందు, ఏది తరువాత?

తొలిపదం

నాలుగేళ్ల భాషాశాస్త్ర డిగ్రీలో మొదటి సంవత్సరం ముగిసింది. ఇప్పటికి పరిచయ కోర్సు ఒక్కటే చదివాను. రెండో సంవత్సరం నుంచి ఏ సెమిస్టర్‌లో ఏ కోర్సు తీసుకోవాలో విద్యార్థులే తేల్చుకోవాలని మా విభాగం వదిలేసింది. సిలబస్ పుస్తకంలో ఫొనెటిక్స్ (ధ్వనుల ఉచ్చారణ), ఫొనాలజీ (భాషలోని ధ్వనుల వ్యవస్థ), మార్ఫాలజీ (పదనిర్మాణం), సింటాక్స్ (వాక్యనిర్మాణం), సెమాంటిక్స్ (అర్థవిచారం) అన్నింటికీ ‘పరిచయ కోర్సు పూర్తయి ఉండాలి’ అనే ఒకే షరతు పెట్టారు కాబట్టి, దాన్ని ఎన్నిసార్లు తిరగేసినా వరుస తెలియడం లేదు. సింటాక్స్ కష్టం గనుక ముందే ముగించుకోమని సీనియర్లలో కొందరు, కష్టమైనదాన్ని చివరికి ఉంచుకోమని మరికొందరు చెబుతున్నారు. హిస్టారికల్ లింగ్విస్టిక్స్ (భాషలు కాలక్రమంలో మారే తీరు), ఫీల్డ్ మెథడ్స్ (మాట్లాడేవారి నుంచి నేరుగా భాషను సేకరించే పద్ధతులు) మాత్రం ఏడాది విడిచి ఏడాది నడుస్తాయి. ఇంతవరకు ఎవరూ వ్యాకరణం రాయని ఒక భాష మీద చివరి సంవత్సరం ప్రాజెక్టు చేయాలని నాకు గట్టి కోరిక. అది నెరవేరాలంటే రెండో సంవత్సరాన్ని దేనితో మొదలుపెట్టాలి?

ధ్వనిలేఖ

ఫొనెటిక్స్‌తో మొదలుపెట్టండి. మీరు చెప్పిన లక్ష్యాన్ని బట్టి చూస్తే ఇందులో రెండో ఆలోచన అక్కర్లేదు.

షరతు అన్నింటికీ ఒకటే అని పుస్తకంలో రాసినంత మాత్రాన కోర్సులన్నీ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఉన్నాయని కాదు. ఫొనెటిక్స్ లేకుండా ఫొనాలజీ అర్థం కాదు. ఫొనాలజీ లేకుండా హిస్టారికల్ లింగ్విస్టిక్స్‌లో సగం పాఠాలు అందవు. ఫొనెటిక్స్, ఫొనాలజీ, వాటికి తోడు మార్ఫాలజీ లేకుండా ఫీల్డ్ మెథడ్స్ తరగతిలో కూర్చున్నా చేతికి ఏమీ రాదు. అన్నింటికంటే పొడవైన గొలుసు ఇదే, కాబట్టి దీని మొదటి కొనను ఎంత త్వరగా అందుకుంటే అంత మంచిది.

రెండో కారణం చెవికి సంబంధించినది. అంతర్జాతీయ ధ్వని వర్ణమాలలోని గుర్తులను కొద్ది వారాల్లో కంఠస్థం చేయవచ్చు. కానీ తెలియని భాషలో ఒక మాట విని, దాన్ని తప్పులేకుండా రాసుకునే నేర్పు నెలల సాధనతో తప్ప రాదు. ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ‘అటు’, ‘అట్టు’ అనే రెండు మాటలను మీ గొంతుతోనే రికార్డు చేసి చూడండి. రెండు అచ్చుల మధ్య గాలి పూర్తిగా ఆగిన ఖాళీ తెర మీద తెల్లటి పట్టీలా కనిపిస్తుంది, రెండో మాటలో ఆ పట్టీ మొదటిదానికంటే స్పష్టంగా వెడల్పుగా ఉంటుంది. మనం చిన్నప్పటి నుంచి ద్విత్వం అని పిలుస్తున్నది ప్రధానంగా కాలానికి సంబంధించిన భేదమని అక్కడ కళ్లతో చూస్తారు. ఇలా కొన్ని వందల మాటలు చూసిన తరువాత చెవి మారుతుంది. ఆ మార్పు మూడో సంవత్సరంలో మొదలైతే మీ ప్రాజెక్టుకు ఆలస్యమైపోతుంది.

వాక్యవృక్షం

ధ్వనిలేఖ గారు చెప్పిన గొలుసును కాదనను గానీ, మొదటి కోర్సుగా సింటాక్స్‌నే సూచిస్తాను. భాషాశాస్త్రంలో వాదన ఎలా చేయాలో, ఒక ప్రతిపాదనను ఏ ఆధారంతో నిలబెట్టాలో, ఏ ఉదాహరణ దొరికితే దాన్ని వదులుకోవాలో అంత స్పష్టంగా నేర్పే కోర్సు మరొకటి లేదు.

‘సీతకు తన తమ్ముడంటే ఇష్టం’ అనే వాక్యాన్నే తీసుకోండి. ఇందులో కర్త ఎవరు? ‘సీతకు’ అన్నది చతుర్థీ విభక్తిలో ఉంది కాబట్టి కర్త కాదని బడి వ్యాకరణం చెబుతుంది. ‘సీతకు ఈ పుస్తకాలు నచ్చాయి’ అన్నప్పుడు క్రియ కూడా సీతను అనుసరించకుండా పుస్తకాలను అనుసరిస్తుంది. ఈ రెండు ఆధారాలూ ఒకవైపు ఉన్నాయి. అయితే ‘తన’ అనే మాట సాధారణంగా కర్తనే సూచిస్తుంది, ఇక్కడ అది సీతను సూచిస్తోంది. మూడు పరీక్షలు పెడితే రెండు ఒక సమాధానం, ఒకటి మరో సమాధానం ఇచ్చాయి. అప్పుడు కర్త అనే భావనే ఒక ముద్ద కాదని, దానిలో విడదీయదగిన లక్షణాలు కొన్ని ఉన్నాయని విద్యార్థికి తోస్తుంది. ఈ రకమైన ఆలోచన అలవడిన తరువాత ఫొనాలజీ చదివినా సెమాంటిక్స్ చదివినా సులభంగా సాగుతుంది.

ధ్వనిలేఖ

@వాక్యవృక్షం, వాదించే పద్ధతి ఫొనాలజీలోనూ అంతే స్పష్టంగా నేర్పవచ్చు. మన సంప్రదాయంలోనే చూడండి. పాణిని దాదాపు నాలుగు వేల సూత్రాల అష్టాధ్యాయికి ముందు పద్నాలుగు మాహేశ్వర సూత్రాలలో వర్ణాల పట్టికను పెట్టుకున్నాడు. బడిలో అందరూ చదివిన యణాదేశ సంధికి ఆధారమైన ‘ఇకో యణచి’ అనే సూత్రంలో మూడు మాటలే ఉన్నాయి. ఇక్, యణ్, అచ్ అనే మూడూ ఆ పట్టిక నుంచి తీసుకున్న సంకేతాలే. పట్టిక తెలియనివాడికి సూత్రం ఒక్క ముక్క కూడా అర్థం కాదు. ధ్వనుల వ్యవస్థ ముందు, మిగతావి తరువాత అన్న క్రమానికి ఇంతకంటే పాత సాక్ష్యం అవసరమా?

వాక్యవృక్షం

ఆ సాక్ష్యం మీరు అనుకున్నంత ఏకపక్షంగా లేదు. పట్టిక మొదట ఉన్నమాట నిజమే. కానీ కర్త, కర్మ, కరణం మొదలైన కారకాల ప్రకరణం అష్టాధ్యాయిలో మొదటి అధ్యాయం నాలుగో పాదంలోనే వస్తుంది, మీరు చెప్పిన ‘ఇకో యణచి’ ఆరో అధ్యాయంలో గానీ రాదు. వాక్యంలో ఎవరు ఏ పాత్ర పోషిస్తున్నారన్నది తేలిన తరువాతే ప్రత్యయాలు, ప్రత్యయాలు చేరిన తరువాతే సంధులు. శాస్త్రగ్రంథంలోని క్రమాన్ని పాఠ్యక్రమానికి ప్రమాణంగా తీసుకుంటే అది నా పక్షానికీ బలమే ఇస్తుంది. అసలు శాస్త్రాన్ని సంక్షిప్తంగా రాసే వరుస వేరు, విద్యార్థి నేర్చుకునే వరుస వేరు అని నా అభిప్రాయం.

ధ్వనిలేఖ

కారక ప్రకరణం సంగతి అంగీకరిస్తున్నాను. చివరి వాక్యాన్ని మాత్రం అంగీకరించలేను. దాని గురించి విడిగా రాస్తాను.

పాఠ్యక్రమం

పై చర్చ ఎంతో బాగుంది గానీ, తొలిపదం గారి సమస్య అంతకంటే ముందు క్యాలెండర్‌తో ముడిపడి ఉంది. విద్యార్థులకు కోర్సుల ఎంపికలో సలహా ఇవ్వడం నా ఉద్యోగంలో భాగం. ఏటా నేను చూసేది ఒకటే: ఏది ముఖ్యమన్న ప్రశ్న మీద అందరూ గంటల తరబడి ఆలోచిస్తారు, ఏది ఎప్పుడు నడుస్తుందన్న ప్రశ్నను మాత్రం ఎవరూ అడగరు.

ఏడాది విడిచి ఏడాది నడిచే కోర్సు నాలుగేళ్ల డిగ్రీలో మొదటి సంవత్సరాన్ని తీసేస్తే రెండు రకాలుగా మాత్రమే పడుతుంది. రెండు, నాలుగు సంవత్సరాల్లో పడితే రెండు అవకాశాలు ఉంటాయి. మూడో సంవత్సరంలో పడితే ఒక్కటే అవకాశం, అది జారిపోతే డిగ్రీ ముగిసేలోగా మళ్లీ రాదు. మీ ఫీల్డ్ మెథడ్స్ ఈ రెండింటిలో ఏదో ముందు తెలుసుకోండి. మూడో సంవత్సరంలో పడేటట్లయితే ఫొనెటిక్స్, ఫొనాలజీ, మార్ఫాలజీ మూడూ రెండో సంవత్సరంలోనే ముగియాలి, అప్పుడు మీకు ఎంపిక అనేదే పెద్దగా మిగలదు. నాలుగో సంవత్సరంలో పడేటట్లయితే సింటాక్స్‌తో మొదలుపెట్టినా కొంప మునగదు, కానీ ఆ తరగతి పాఠాలూ మీ ప్రాజెక్టూ ఒకేసారి సాగాల్సి వస్తుంది.

రాబోయే మూడేళ్లలో ఏ కోర్సు ఏ సెమిస్టర్‌లో నడుస్తుందో చెప్పే పట్టిక చాలా విభాగాల్లో ఉంటుంది. సిలబస్ పుస్తకంలో అచ్చువేయరు, అడిగితే ఇస్తారు. దాన్ని అడిగి తెచ్చుకోండి.

తొలిపదం

విభాగం కార్యాలయంలో అడిగాను. ఫీల్డ్ మెథడ్స్ నాకు మూడో సంవత్సరం రెండో సెమిస్టర్‌లో పడుతుంది. హిస్టారికల్ లింగ్విస్టిక్స్ రెండు, నాలుగు సంవత్సరాల్లో పడుతుంది. ఫొనెటిక్స్, సింటాక్స్, సోషియోలింగ్విస్టిక్స్ (సమాజంలో భాష వాడుక) ప్రతి ఏటా మొదటి సెమిస్టర్‌లో, ఫొనాలజీ, మార్ఫాలజీ, సెమాంటిక్స్ రెండో సెమిస్టర్‌లో నడుస్తాయట. హిస్టారికల్ మీద నాకు ఎంతో ఆసక్తి. రెండో సంవత్సరంలోనే తీసుకుంటే తొందరపాటు అవుతుందా?

పాతశబ్దం

అవుతుంది. నాలుగో సంవత్సరం దాకా ఆగండి. ఈ మాట హిస్టారికల్ లింగ్విస్టిక్స్‌ను ప్రాణంగా చూసుకునే మనిషిగా చెబుతున్నాను.

కన్నడంలో ‘కివి’, తెలుగులో ‘చెవి’. కన్నడంలో ‘కెరె’, తెలుగులో ‘చెరువు’. కన్నడంలో ‘కిరు’, తెలుగులో ‘చిరు’. ఈ జతలను మొదటి తరగతిలో బోర్డు మీద రాసి చూపిస్తే ఎవరైనా కకారం చకారంగా మారిందని చెప్పగలరు. మరి ‘కల్లు’, ‘కాలు’, ‘కొండ’ ఎందుకు మారలేదన్నదే అసలు ప్రశ్న. ఇ, ఎ అనే అచ్చులను పలికేటప్పుడు నాలుక ముందుభాగం అంగిలి వైపు లేస్తుందని, ఆ అచ్చు ముందున్న కకారాన్ని కూడా ముందుకు లాగుతుందని, అ, ఒ లాంటి అచ్చుల ముందు ఆ ఒత్తిడి ఉండదని తెలిస్తేనే సమాధానం దొరుకుతుంది. ఇది ఫొనెటిక్స్‌లో నేర్పే విషయం. అది లేకుండా తరగతికి వచ్చినవారు జతలను కంఠస్థం చేసి పరీక్ష రాసి వెళ్లిపోతారు, ధ్వనిమార్పుకు కారణం ఉంటుందన్న సంగతి వారికి ఎప్పటికీ పట్టుబడదు.

అనువాదిని

@పాతశబ్దం, చారిత్రకంగా చూస్తే ఈ శాస్త్రమే పోలికలతో మొదలైంది కదా. విలియం జోన్స్ సంస్కృత, గ్రీకు, లాటిన్ భాషల బంధుత్వం గురించి ప్రసంగించింది 1786లో. మద్రాసులోని బ్రిటిష్ అధికారి ఎల్లిస్ దక్షిణాది భాషలు వేరే కుటుంబమని చూపించింది 1816లో. అంతర్జాతీయ ధ్వనిశాస్త్ర సంఘం పుట్టింది 1886లో. ఫొనెటిక్స్ అనే విడి కోర్సు లేని కాలంలోనే అంత పెద్ద ఫలితాలు వచ్చినప్పుడు, విద్యార్థికి ఆసక్తి ఉన్నచోట నుంచి మొదలుపెట్టనిస్తే తప్పేమిటి?

పాతశబ్దం

ఫలితాలు వచ్చిన మాట నిజమే. అవి ఎక్కడ ఆగిపోయాయో కూడా చూడాలి. ఇండో-యూరోపియన్ మూలభాషలోని తకారం జర్మానిక్ భాషల్లో (ఇంగ్లీషు, జర్మన్‌ల శాఖ) ఎలా మారిందో జర్మన్ పండితుడు గ్రిమ్ 1822లో సూత్రీకరించాడు. దాని ప్రకారం ‘భ్రాతృ’, ‘పితృ’ శబ్దాల్లోని తకారాలకు జర్మానిక్‌లో ఒకే ఫలితం రావాలి. గోథిక్ అనే పాత జర్మానిక్ భాషలో చూస్తే సోదర శబ్దంలో శ్వాసమూ (గొంతు కంపించని ధ్వని) తండ్రి శబ్దంలో నాదమూ (గొంతు కంపించే ధ్వని) కనిపిస్తాయి. ఈ చిక్కు అర్ధశతాబ్దం పాటు విడిపోలేదు. 1870ల్లో కార్ల్ వెర్నర్ వేదభాషలో ఉదాత్తం (గొంతు పైకి లేచే ఊనిక) ఎక్కడ పడుతుందో చూశాడు: ‘భ్రాతా’లో మొదటి అచ్చు మీద, ‘పితా’లో రెండో అచ్చు మీద. అంటే తకారానికి ముందున్న అచ్చు మీద ఊనిక ఉంటే శ్వాసం నిలిచింది, లేకపోతే నాదంగా మారింది. అక్షరాలను పోల్చినంతకాలం మూసుకుపోయి ఉన్న దారి, స్వరాన్నీ నాదాన్నీ లెక్కలోకి తీసుకున్నాక తెరుచుకుంది. అప్పటివారికి ఆ పరికరాలు లేవు, వారు వాటిని తయారుచేసుకుంటూ నడిచారు. ఇవాళ అవి సిద్ధంగా ఉండగా విద్యార్థిని వట్టి చేతులతో పంపడం న్యాయం కాదు.

అనువాదిని

మీరు చెప్పిన తీరు ఒప్పించింది. ఆసక్తి చల్లారకుండా ఉండడానికి తొలిపదం గారు ఈలోగా తెలుగు, తమిళ, కన్నడ పదాల జతలను సొంతంగా సేకరించుకుంటూ ఉంటే నాలుగో సంవత్సరంలో చేతినిండా సరుకు ఉంటుంది.

అర్థాంతరం

సెమాంటిక్స్ గురించి ఇంతవరకు ఎవరూ మాట్లాడలేదు. దానికి ముందు తీసుకోవాల్సిన కోర్సు భాషాశాస్త్ర విభాగంలోనే ఉండకపోవచ్చు: తర్కశాస్త్రం. సమితులు, ప్రమేయాలు, ‘అన్ని’, ‘కొన్ని’ అనే మాటల తార్కిక రూపాలు తెలియకుండా ఆ తరగతికి వస్తే మొదటి నెల అంతా గుర్తులతో కుస్తీ పట్టడమే అవుతుంది.

‘ప్రతి విద్యార్థీ ఒక పుస్తకం చదివాడు’ అంటే ఒక్కొక్కరు ఒక్కో పుస్తకం చదివి ఉండవచ్చు. ‘ఒక పుస్తకాన్ని ప్రతి విద్యార్థీ చదివాడు’ అంటే అందరూ ఒకే పుస్తకం చదివారన్న అర్థం బలపడుతుంది. మాటలు దాదాపు అవే, వరుస మారింది, అర్థం కదిలింది. దీన్ని వివరించడానికి సింటాక్స్ ఇచ్చే చెట్టూ (వాక్యభాగాలను కొమ్మలుగా చూపే బొమ్మ) కావాలి, తర్కం ఇచ్చే భాషా కావాలి. కనుక సింటాక్స్, తర్కశాస్త్రం రెండూ అయిన తరువాత, మూడో సంవత్సరంలో సెమాంటిక్స్.

సంకేతం_01

స్టాటిస్టిక్స్‌ను మూడో సంవత్సరం మొదటి సెమిస్టర్ దాటనివ్వకండి. ప్రయోగాలు చేసే ఏ కోర్సుకైనా, సైకోలింగ్విస్టిక్స్ (మనసులో భాష పనిచేసే తీరు) కానివ్వండి, ఎక్స్‌పెరిమెంటల్ ఫొనెటిక్స్ కానివ్వండి, అదే ఆధారం. కంప్యూటేషనల్ వైపు వెళ్లే ఆలోచన ఉంటే పైథాన్ ప్రోగ్రామింగ్ ఇప్పుడే మొదలుపెట్టాలి.

నడిరేయి

నాకు ఈ చర్చ అంతా కొంచెం భారంగా కనిపిస్తోంది. నేను రెండు ప్రధాన విషయాలతో డిగ్రీ చేశాను, మూడేళ్లలో ముగించాల్సి రావడంతో దొరికిన వరుసలో తీసుకున్నాను. సెమాంటిక్స్ మొదట, ఫొనెటిక్స్ చివర. ఆఖరికి అన్నీ ఒకదానికొకటి అతుక్కున్నాయి. చక్కగా చెప్పే ఉపాధ్యాయుడు ఆ సెమిస్టర్‌లో ఏ కోర్సు చెబుతున్నాడో చూసి తీసుకోవడమే ఉత్తమమైన ప్రణాళిక అని నేను ఇప్పటికీ నమ్ముతాను.

పాఠ్యక్రమం

@నడిరేయి, ఉపాధ్యాయుడిని బట్టి ఎంచుకోవడం తప్పని ఎవరూ అనరు. ముఖ్యంగా సింటాక్స్‌లో, మొదటి ఉపాధ్యాయుడు ఎలా ఉంటాడన్నదాన్ని బట్టి విద్యార్థి ఆ విషయాన్ని ప్రేమించడమో దూరంగా పారిపోవడమో జరుగుతుంది. అయితే మీ డిగ్రీ చివర ఫీల్డ్ మెథడ్స్ లేదు, ప్రాజెక్టు లేదు. చివర ఏమీ వేచి ఉండనప్పుడు ఏ వరుసైనా సరిపోతుంది. తొలిపదం గారి విషయంలో చివర ఉన్నది స్పష్టంగా తెలుసు, కాబట్టి అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావాలి.

క్షేత్రపుస్తకం

పాఠ్యక్రమం గారి మాటకు నా అనుభవం జోడిస్తాను. నేను చదివిన విభాగంలో ఫీల్డ్ మెథడ్స్‌కు ‘విభాగం అనుమతి’ అనే షరతు ఒక్కటే ఉండేది, అడిగినవారందరికీ అనుమతి ఇచ్చారు. మేము ఎవరమూ అంతకుముందు వినని ఒక భాష మాట్లాడే వ్యక్తి ప్రతి వారం తరగతికి వచ్చేవారు. రెండో వారంలో ఆయన ఒక మాట చెప్పారు, కొంతసేపటికి మరో అర్థంతో ఇంకో మాట చెప్పారు. తరగతిలో సగం మంది రెండింటినీ అక్షరం తేడా లేకుండా ఒకేలా రాసుకున్నారు. ఆయన ఓపికగా నవ్వి మళ్లీ చెప్పారు, మళ్లీ అదే రాశారు. రెండు మాటల మధ్య ఉన్న తేడా అంతా స్థాయిలో, అంటే గొంతు పైకి లేవడంలోనూ కిందికి దిగడంలోనూ ఉంది. ఫొనెటిక్స్ చదివి వచ్చిన కొద్దిమందికి అది వెంటనే తెలిసింది. మిగతావారికి వినడం నేర్పడానికి ఉపాధ్యాయురాలు సెమిస్టర్‌లో చాలా భాగం ఖర్చు చేయాల్సి వచ్చింది, మేము వాక్యాల దాకా చేరనేలేదు. తన భాషను మాకు నేర్పడానికి అంత దూరం నుంచి వచ్చిన మనిషి సమయాన్ని మేము అక్షరాభ్యాసానికి వాడుకోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. షరతు పుస్తకంలో లేకపోయినా, ఎదుట కూర్చునే వ్యక్తి పట్ల గౌరవంగానైనా ముందుగా సిద్ధపడి వెళ్లాలి.

ఇంకొక మాట. ఫొనాలజీ, మార్ఫాలజీ ఒకే సెమిస్టర్‌లో పడడం మీ అదృష్టం, వాటిని విడదీయకండి. తెలుగులోనే చూడండి: కత్తి, కత్తులు; పులి, పులులు; మనిషి, మనుషులు. బహువచన ప్రత్యయంలోని ఉకారం ధాతువులోని ఇకారాన్ని తనలాగా మార్చుకుంది, ‘మనుషులు’లో అయితే వరుసగా రెండు ఇకారాలను మార్చింది. మరి అదే ‘కత్తి’కి ద్వితీయ చేర్చితే ‘కత్తిని’, ‘చెట్టు’కు చేర్చితే ‘చెట్టును’. ఇక్కడ పదమే ప్రత్యయాన్ని మార్చింది. ఒకచోట ప్రత్యయం పెత్తనం, మరోచోట పదం పెత్తనం. ఇది ధ్వనుల సూత్రమా, ప్రత్యయాల స్వభావమా అన్న ప్రశ్నను ఒక్క కోర్సు విడిగా తేల్చలేదు. తెలియని భాషలో ఇలాంటి జత ఎదురైనప్పుడు రెండు పుస్తకాలూ ఒకేసారి తెరిచి ఉండాలి.

వాక్యవృక్షం

@క్షేత్రపుస్తకం, ‘ధాతువు’ అనే మాట క్రియలకు ఉంచి, ఇక్కడ ‘ప్రాతిపదిక’ అంటే బాగుంటుంది. ఉదాహరణ మాత్రం చాలా మంచిది, నా విద్యార్థులకు ఇస్తాను.

క్షేత్రపుస్తకం

సవరణ సరైనదే, ప్రాతిపదిక అనే చదువుకోండి.

సైగ

ఒక విషయం ఎవరూ ప్రస్తావించలేదు. ప్రాజెక్టుకు ఎంచుకునే భాష సంజ్ఞాభాష కూడా కావచ్చు. భాషాశాస్త్రవేత్త స్టోకో 1960లోనే అమెరికన్ సంజ్ఞాభాషలోని సంజ్ఞలను చేతి ఆకారం, చేతి స్థానం, కదలిక అనే అంశాలుగా విడదీసి, గొంతు లేని భాషకు కూడా ఫొనాలజీ ఉంటుందని చూపించాడు. వ్యాకరణం రాయని సంజ్ఞాభాషలు ఇంకా ఎన్నో ఉన్నాయి. ఆ దారిలో వెళ్లేవారికి ప్రాట్ కంటే వీడియోను వరుసలుగా గుర్తించే ఎలాన్ లాంటి సాఫ్ట్‌వేర్ ముఖ్యం, అంతకంటే ముందు ఆ సంజ్ఞాభాషను నేర్చుకోవడం ముఖ్యం. ఫొనాలజీ మాత్రం వారికి కూడా అంతే అవసరం.

అనువాదిని

సైగ గారు భాష నేర్చుకోవడం అన్నారు కాబట్టి గుర్తొచ్చింది. చాలా భాషాశాస్త్ర డిగ్రీల్లో ఏదో ఒక కొత్త భాషను కొన్ని సెమిస్టర్ల పాటు చదవాలన్న నియమం ఉంటుంది, విద్యార్థులు దాన్ని చివరికి నెట్టేస్తారు. మిగతా కోర్సులను కుదించి ఒక సెమిస్టర్‌లో ఇరికించవచ్చు, భాషను ఇరికించలేం. ఇప్పటికే తెలిసిన భాషకు నిర్మాణంలో దూరంగా ఉన్నదాన్ని ఎంచుకోండి. స్థాయిలతో అర్థం మారే భాషనో, మూడు హల్లుల ధాతువుల చుట్టూ అచ్చులు మార్చి పదాలు కట్టే అరబిక్ లాంటి భాషనో ఒక ఏడాది చదివితే మార్ఫాలజీ తరగతిలో ఇతరులు నమూనాగా చూసే విషయం మీకు నోటికి వచ్చి ఉంటుంది.

తొలిపదం

అందరి మాటలూ కలిపి చూసుకున్నాక ఇలా అనుకుంటున్నాను. రెండో సంవత్సరం మొదటి సెమిస్టర్‌లో ఫొనెటిక్స్, సింటాక్స్, సోషియోలింగ్విస్టిక్స్, అరబిక్. రెండో సెమిస్టర్‌లో ఫొనాలజీ, మార్ఫాలజీ, సెమాంటిక్స్, అరబిక్. దీనితో మూడో సంవత్సరానికి ప్రధానమైనవన్నీ ముగిసిపోతాయి, మిగతా సమయం ప్రాజెక్టుకు దొరుకుతుంది.

అర్థాంతరం

రెండో సెమిస్టర్ నుంచి సెమాంటిక్స్‌ను తీసేయండి. ఫొనాలజీకీ, మార్ఫాలజీకీ, సెమాంటిక్స్‌కూ ప్రతి వారం విశ్లేషణ సమస్యలు ఇస్తారు, అవి ఒక్క సాయంత్రంలో తేలేవి కావు. మూడింటి గడువులూ ఒకే వారంలో పడినప్పుడు మీరు సమస్యను అర్థం చేసుకోవడం మానేసి సమాధానం కోసం వెతకడం మొదలుపెడతారు. పైగా తర్కశాస్త్రం మీ పట్టికలో ఎక్కడా లేదు. సెమాంటిక్స్ ఉన్నచోట అది పెట్టుకుని, సెమాంటిక్స్‌ను మూడో సంవత్సరం రెండో సెమిస్టర్‌కు జరపండి.

ధ్వనిలేఖ

అర్థాంతరం గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మొదటి సెమిస్టర్‌లో ఫొనెటిక్స్, సింటాక్స్ పక్కపక్కనే పెట్టుకున్నారు కాబట్టి వాక్యవృక్షం గారికీ నాకూ తగవు తీరినట్లే.

సోషియోలింగ్విస్టిక్స్ మాత్రం ఒక ఏడాది ఆపండి. చదివి వ్యాసాలు రాసే కోర్సు కాబట్టి తేలిక అని దాన్ని ముందు పెట్టుకుంటారు. భాషాశాస్త్రవేత్త లబోవ్ 1963లో అమెరికాలోని మార్థాస్ వినియార్డ్ ద్వీపం మీద ప్రచురించిన పరిశోధన మొత్తం రెండు సంయుక్త అచ్చుల (ఐ, ఔ లాంటివి) ఉచ్చారణలోని సూక్ష్మ భేదాల మీద నిలబడింది. ద్వీపంతో తమను ఎక్కువగా ముడిపెట్టుకున్నవారు ఆ అచ్చులను ఇతరులకంటే భిన్నంగా పలుకుతున్నారని ఆయన చూపించాడు. ఆ అచ్చు ఎలా మొదలై ఎక్కడికి జరుగుతుందో చెవికి పట్టుబడిన తరువాత ఆ వ్యాసం చదవడం వేరు, ముందు చదవడం వేరు. మూడో సంవత్సరం మొదటి సెమిస్టర్‌లో దాన్ని స్టాటిస్టిక్స్ పక్కన పెడితే రెండూ ఒకదానికొకటి సాయపడతాయి.

నడిరేయి

ఇది నిజంగా మంచి సూచన. నా డిగ్రీలో సోషియోలింగ్విస్టిక్స్‌లోని సంఖ్యల పట్టికలను నేను దాటవేసి చదివాను, ఫొనెటిక్స్ అయ్యాక మళ్లీ తెరిస్తే అసలు కథ ఆ పట్టికల్లోనే ఉంది.

పాఠ్యక్రమం

పట్టిక ఇప్పుడు నిలబడేలా ఉంది. రెండు జాగ్రత్తలు చెబుతాను. మొదటిది, ఏడాది విడిచి నడిచే కోర్సు చెప్పే ఉపాధ్యాయుడు సెలవు మీద వెళితే అది నడవకపోవచ్చు. ఫీల్డ్ మెథడ్స్ రద్దయ్యే పక్షంలో అదే విషయాన్ని ఒక ఉపాధ్యాయుడి పర్యవేక్షణలో స్వతంత్ర అధ్యయనంగా చేయడానికి వీలుందా అని ఇప్పుడే రాతపూర్వకంగా అడిగి ఉంచుకోండి. మా విద్యార్థుల్లో ఒకరికి సరిగ్గా ఇలాగే జరిగింది. ముందుగా అడిగి ఉంచుకోవడం వల్ల ఆ అమ్మాయి ప్రాజెక్టు ఆగలేదు.

రెండోది, మూడో సంవత్సరం మొదటి సెమిస్టర్‌ను కొంచెం ఖాళీగా ఉంచండి. ప్రాజెక్టుకు భాషనూ పర్యవేక్షకుడినీ వెతుక్కోవాల్సిన సమయం అదే. నాలుగో సంవత్సరంలో వెతకడం మొదలుపెట్టినవారు చివరికి పుస్తకాల్లో దొరికే భాషతో సరిపెట్టుకుంటారు.

తొలిపదం

సెమాంటిక్స్, సోషియోలింగ్విస్టిక్స్ రెండూ మూడో సంవత్సరానికి జరిపాను, ఖాళీ అయిన ఒక స్థానంలో తర్కశాస్త్రం పెట్టుకున్నాను. స్వతంత్ర అధ్యయనం గురించి రేపు విభాగాధిపతికి రాస్తాను. ఒక్క సందేహం మిగిలింది. ఫీల్డ్ మెథడ్స్ తరగతికి వచ్చే వ్యక్తి దగ్గర రికార్డు చేసిన సామగ్రిని అదే భాష మీద నా ప్రాజెక్టుకు వాడుకోవచ్చా?

క్షేత్రపుస్తకం

ఆ వ్యక్తి తరగతి కోసం ఇచ్చిన సమ్మతి తరగతికే వర్తిస్తుంది, ప్రాజెక్టుకు దానంతట అది వర్తించదు. చాలా విశ్వవిద్యాలయాల్లో మనుషుల నుంచి సమాచారం సేకరించే ఏ పరిశోధనకైనా నైతిక సమీక్షా సంఘం ఆమోదం ముందుగా ఉండాలి, ఆమోదానికి ముందు చేసిన రికార్డింగులను తరువాత పరిశోధనలో చేర్చడానికి సాధారణంగా ఒప్పుకోరు. కాబట్టి మూడో సంవత్సరం మొదటి సెమిస్టర్‌లోనే, అంటే తరగతి మొదలుకావడానికి ముందే, పర్యవేక్షకుడితో కలిసి దరఖాస్తు పెట్టండి. రికార్డింగులు ఎక్కడ దాస్తారు, ఎవరు వినవచ్చు, తన పేరు రాయాలా వద్దా, ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చా అన్న ప్రశ్నలకు ఆ వ్యక్తి తన భాషలోనో తనకు బాగా తెలిసిన భాషలోనో సమాధానాలు వినాలి, విన్నాక ఒప్పుకోవాలి. దరఖాస్తు తిరిగివచ్చి సవరణలు అడగడం మామూలే, దానికి కూడా సమయం ఉంచుకోండి.

సైగ

సంజ్ఞాభాష ఎంచుకుంటే ఇందులో ఇంకో చిక్కు ఉంటుంది. వీడియోలో ముఖం కనిపించక తప్పదు, ఎందుకంటే ముఖకవళికలు కూడా వ్యాకరణంలో భాగమే. పేరు దాచినా మనిషిని దాచలేం. అందుకని ఎవరు చూడవచ్చు అన్న ప్రశ్నను దరఖాస్తులో ఇంకా వివరంగా రాయాలి, సమ్మతిని కూడా సంజ్ఞాభాషలోనే వీడియోగా తీసుకోవాలి.